రెండక్షరాల నౌకరి

“గిది నీ పనే ఆర్థర్!”

ప్రిసిల్లా నోటీసు తెచ్చి మరిది చేతిలో కుక్కింది. ఆర్థర్ చెప్పులు కూడా విప్పలేదు. గడపలోనే నిలబడి చదివాడు. లక్ష్మణ్ అనే ఉద్యోగి ఎస్సీ కోటాలో చేరి, క్రైస్తవుడిగా బతుకుతున్నాడని ఆఫీసుకు ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది. సోమవారం విచారణ.

లక్ష్మణ్ అంటే ఆర్థర్ అన్న ఐజాకే. ఆఫీసులో ఒక పేరు, చర్చిలో ఒక పేరు. క్రైస్తవులకు ఆ కోటా లేదు. అందుకే బాప్తిస్మం రిటైరయ్యాక తీసుకుందామని ముప్పై ఏళ్లు ఆగాడు. ఇంకా మూడు నెలలే ఉంది.

“పరేషాన్ గాకు వదినా,” ఆర్థర్ నవ్వబోయాడు. “ఎస్సీ అంటే సికింద్రాబాద్. రైలు టికెట్ మీద గదే ఉంటది. సుప్రీంకోర్టు సుత ఎస్సీనే. గాడికే పోదాం.”

“నవ్వులాటనా? గా రెండక్షరాలే ఈ ఇంట్ల బువ్వ పెట్టినయ్. నిన్ను సుత చదివించినయ్. పింఛన్ ఆపితే మేమెట్ల బతకాలె?”

“నేనెందుకు రాస్త వదినా?”

“మొన్న ఇంటి గోడ కాడ మనకు లొల్లి అయినప్పుడు ‘మీ సంగతి చూస్త’ అన్నవ్ గద! మీ అన్నకు రెండు పేర్లున్నయని బయట ఎవలకెరుక? తాతారావన్నకు ఎరుక. ఆయన పాయె.”

తాతారావు ఐజాక్‌తో పనిచేసినవాడు. ఆయనా బాప్తిస్మానికి రిటైర్మెంటు కోసమే ఆగాడు. పోయిన నెల గుండె ఆగి చనిపోతే, బాప్తిస్మం పుస్తకంలో పేరు లేదని చర్చి సమాధుల తోటలో చోటివ్వలేదు. ప్రార్థన లేకుండానే ఎక్కడో పూడ్చారు. ఆ రోజు నుంచి ఐజాక్‌కు అన్నం సహించడం లేదు. ‘రిటైరయ్యే లోపల నేను సుత పోతే?’ అని ఒకటే గుబులు.

ఆర్థర్ అన్న వైపు తిరిగాడు.

“అన్నా, నువ్వన్న చెప్పు. నేను రాసేటోన్నా?”

ఐజాక్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

“ఒక్క మాటనే అన్నా. ‘మా తమ్ముడు రాయడు’ అను. చాలు.”

ఐజాక్ ముఖం ఇంకా పక్కకు తిప్పుకున్నాడు.

“అంటే నువ్వు సుత నమ్మినవన్నట్టు.” ఆర్థర్ నోటీసు గడప మీద పెట్టాడు. “మంచిది. ఇగ నేను సచ్చినా నా మొకం చూడరాకు.”

చెప్పుల చప్పుడు మెట్ల మీదుగా కిందికి పోయింది.

“నమ్మించి పట్టిచ్చిన యూదా గాడు! తమ్ముడని నెత్తిన పెట్టుకున్నవ్ గద, చూసినవా?” ప్రిసిల్లా తలుపు గట్టిగా వేసింది.

ఉత్తరం రాసింది ఐజాకే.