ఇంకొక్క మలుపే

కొండ చుట్టూ ఆగకుండా పరుగెత్తి వస్తానని కుందేలు పంతం పట్టింది. మధ్యలో కూలబడితే మళ్లీ లేవలేదు. అందుకే ఉడత పక్కనే పరుగెడుతూ నోటికి రేగుపళ్లు అందించింది. కాకి పైనుంచి, “ఇంకొక్క మలుపే అల్లుడూ!” అని అరిచింది. ఆ మలుపు దాటాక మళ్లీ అదే మాట. అబద్ధమాడుతున్నానని కాకికి లోపల ఒకటే గుబులు.

పొద్దు వాలేసరికి కుందేలు చుట్టు ముగించింది. అడవంతా కేరింతలు కొట్టింది.

“మామ చెప్పినవన్నీ అబద్ధాలే!” అంది ఉడత, నోటినిండా రేగుపళ్లతో. కాకి సిగ్గుతో తల దించుకుంది.

“మొదటి మలుపులోనే తెలిసిపోయిందిలే,” అంటూ కుందేలు పకపకా నవ్వింది. “ఆ కేక మళ్లీ వినాలనే మామా, ప్రతిసారీ తర్వాతి మలుపుదాకా పరుగెత్తాను!”