పాత నిచ్చెన గడియ

“ఇంజినీరింగ్ చదివావు గానీ ఏది ఏ స్పానరో తెలీదు. పన్నెండుది ఇవ్వవే,” అన్నాడు నాన్న.

వెతికి ఇచ్చాను. మా పాత క్యాబిన్ బోటుకి కొత్త పంపు, వైరింగు అన్నీ మేమిద్దరమే వేశాం. మిగిలింది వెనక నిచ్చెన. కొత్తదానికి నీళ్లదాకా వేలాడే తాడుంది.

“ఈదేవాళ్లే కిందనుంచి లాగితే దిగుతుంది. పైన ఎవరున్నా లేకపోయినా ఒకటే,” అన్నాడు నాన్న.

నిరుడు అన్నయ్య లంగరేసిన ఈ బోటు మీంచి ఈతకి దూకి, మళ్లీ ఎక్కలేక మునిగిపోయాడు. నిచ్చెనని పైన పట్టి ఉంచే గడియ తుప్పుపట్టి బిగుసుకుపోయిందనీ, ఎంత లాగినా రాలేదనీ నేనే అందరికీ చెప్పాను. వేళకి నూనె వెయ్యలేదని అప్పట్నుంచీ నాన్న తనని తనే తిట్టుకుంటున్నాడు.

పాత నిచ్చెన ఊడదీసి ఒళ్లో పెట్టుకున్నాడు. బొటనవేలితో గడియ నెట్టాడు. టక్కున జారింది. మళ్లీ వేశాడు, మళ్లీ తీశాడు. వెన్న రాసినట్టు జారింది.



“ఆ రోజు పోట్లాడుకున్నాం నాన్నా. వాడి తిక్క కుదరాలని నిచ్చెన పైకి లాగేసి గడియ పెట్టి, లోపలికెళ్లి చెవుల్లో పాటలు పెట్టుకున్నాను. పది నిమిషాలే అనుకున్నా...”

నాన్న నిచ్చెనని నీళ్లలోకి విసిరేశాడు. అది మునిగేదాకా చూశాడు.

“మీ అమ్మ అడిగితే, తుప్పే అని చెప్పు.”

మళ్లీ పనిలో కూర్చున్నాడు. స్పానరు కావాల్సొచ్చింది. అడక్కముందే అందించాను.

అందుకోలేదు. లేచి, నన్ను చుట్టి వెళ్లి, పెట్టెలోంచి ఇంకోటి తెచ్చుకున్నాడు.