పదకొండో షరతు

"లోపలి స్టిక్కర్ ఎర్రబడిందమ్మా. తడి తగిలిందన్నమాట. పదకొండో షరతు ప్రకారం వారంటీ వర్తించదు," అంది కౌంటర్ అమ్మాయి, పాఠం అప్పజెప్పినట్టు.

టైలరమ్మ పనిచేయని ట్యాబ్‌ను మళ్లీ కౌంటర్ మీదికి జరిపింది.

రెండేళ్ల అదనపు వారంటీ ఉందన్న ధీమాతో వచ్చిందామె. మాటలు రాని ఆమె కూతురు ఆ ట్యాబ్‌లో బొమ్మ నొక్కితే, అది "అమ్మా" అని పలికేది. పది రోజులుగా ఇంట్లో ఆ పిలుపు లేదు. కాస్త కునుకు పడితే చాలు, ఎక్కడో నీటి అడుగు నుంచి వస్తున్నట్టు అదే గొంతు వినిపిస్తోంది.

ఆ మధ్యాహ్నం ఆ సర్వీస్ సెంటర్ హాలూ కలలాగే ఉంది. అద్దాల మీద మసక వాన, మెల్లగా మారే టోకెన్ నంబర్లు, కుర్చీల్లో కునికిపాట్లు పడే జనం.

పక్క కుర్చీలోని ముసలాయన ఆమె చేతికంటిన దారప్పోగులు చూసి, ఇంట్లో ఆవిరి ఇస్త్రీపెట్టె ఉందా అని అడిగాడు. ఉందంది. ట్యాబ్ కూడా ఆ గదిలోనే ఉంటుందా అన్నాడు. అవునంది.

"అయితే అది ఆవిరికి ఎర్రబడిందమ్మా. షరతులో ఉన్నది నీళ్లు ఒలకడం గురించే. అర్జీ రాసిస్తాను, పెట్టుకో."

అసలే పుట్టెడు దుఃఖంలో ఉందేమో, ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఎవడో దళారి అనుకుంది.

"ఇందులో మీ కమీషన్ ఎంతండీ?" అంది అందరూ వినేలా.

ఆయన తల వంచుకుని రాస్తూనే ఉన్నాడు. ఆమె తిన్నగా మేనేజర్ దగ్గరికి వెళ్లి ఫిర్యాదు చేసి, కుర్చీలో వదిలిన సంచీ తీసుకుని వచ్చేసింది.

ఇంటికొచ్చి చూస్తే ఆయన రాసిన అర్జీ సంచీలో ఉంది. పోయేదేముందిలే అని పంపింది.

తొమ్మిదో రోజున క్లెయిమ్ పాసైంది. బాగుపడి వచ్చిన ట్యాబ్‌ను కూతురు ఒళ్లో పెట్టుకుని, "అమ్మా" బొమ్మను నొక్కింది. మళ్లీ నొక్కింది. ఆపకుండా నొక్కుతూనే ఉంది. టైలరమ్మ సగం కుట్టిన చొక్కాలో మొహం దాచుకుని ఏడ్చింది.

మర్నాడే ఆయన్ను వెతుక్కుంటూ వెళ్లింది. కుర్చీ ఖాళీగా ఉంది.

ఫిర్యాదు వచ్చిందని ఆయన్ను లోపలికి రానివ్వడం లేదట. ఇల్లెక్కడో ఎవరికీ తెలియదట. రెండేళ్లుగా రోజూ వచ్చి అర్జీలు రాసిపెట్టినా, ఎవరి చేత టీ కూడా ఇప్పించుకోలేదట.

"ఆయనకెందుకమ్మా ఇంత తాపత్రయం?" అంది టైలరమ్మ.

కౌంటర్ అమ్మాయి అటూ ఇటూ చూసి, మెల్లగా చెప్పింది.

"రిటైరయ్యే ముందు ఈ కంపెనీలోనే పనిచేసేవారు. ఆ పదకొండో షరతు రాసింది ఆయనే."