పలకని ట్రాక్టర్

"ఇంకో తూరి సెల్ఫ్ కొట్టన్నా" అన్నాడు ఖాజావలి.

కొండయ్య తాళం తిప్పాడు. ఇంజన్ గరగరా తిరిగింది గానీ అంటుకోలేదు.

ఖాజావలి చెయ్యి పడితే పలకని ఇంజన్ లేదని ఆత్మకూరులో పేరు. మూడేళ్లుగా కొండయ్య కొట్టంలో మూలపడ్డ ఈ ముసలి ట్రాక్టర్ పొద్దుటి నుంచి ఆ పేరును గంగలో కలుపుతోంది. మొన్నటి వానకు చేను మంచి పదును మీదుంది. ఇవాళ దున్ని మినుములు చల్లకపోతే పదును ఆరిపోతుంది, కొండయ్యకు ఈ పంట లేనట్టే. అనంతసాగరం చుట్టుపక్కల బాడుగ ట్రాక్టర్ ఒక్కటీ ఖాళీగా లేదు.

"బ్యాటరీ కొత్తది, డీజిల్ కొత్తది. ఫిల్టర్ మార్చినా. లైన్లో గాలి తీసినా. నాజిళ్ల దాకా డీజిల్ బాగా వస్తుండాది. ఇంకేం రోగం దీనికి?"

"పైపులు చూడు ఖాజా."

"చూసినా కదన్నా."

"అన్నీ చూసినావా? ఏదో ఒకదాంట్లో ఏదైనా అడ్డం పడిందేమో."

పొద్దుటి నుంచి ఇదే పాట. బ్యాటరీ దగ్గరికి పోతే పైపులంటాడు, ఫిల్టర్ విప్పితే పైపులంటాడు. తనే వంగి, కనిపించిన గొట్టాన్నల్లా పిసికి చూస్తున్నాడు. ఇంజన్ గురించి ఓనమాలు రాని మనిషికి పైపుల మీద ఇంత గురేమిటో ఖాజావలికి అంతుబట్టలేదు.

"ఎట్ల చెప్తావన్నా అంత గట్టిగా?"

"ఊరికే. మనసుకు తోచింది."

ఖాజావలి తల గోక్కున్నాడు. డీజిల్ అందుతున్నా అంటుకోలేదంటే, అందనిది గాలి. ఇంజన్‌లోకి గాలి వెళ్లే లావుపాటి రబ్బరు గొట్టం విప్పి వేళ్లు పెట్టాడు. మెత్తగా ఏదో తగిలింది. పట్టి లాగితే మూరెడు లుంగీ గుడ్డ బయటికొచ్చింది.

"ఇది ఎలకల పని కాదన్నా! ఎవురో కావాలనే కుక్కినారు. నీకు పడనోళ్లు ఎవురుండారు?"

"మనకు పడనోళ్లు ఎవురుంటార్లే. ముందు గొట్టం బిగించు" అన్నాడు కొండయ్య గబగబా.

ఈసారి ఇంజన్ రెండు దగ్గులు దగ్గి, నల్లగా పొగ కక్కి, డుగుడుగుమంటూ అందుకుంది. ఖాజావలికి ప్రాణం లేచొచ్చింది. కొండయ్యకైతే కళ్లలో నీళ్లే తిరిగాయి. చేను దక్కింది.

చప్పుడు విని పక్కింటి నుంచి నారాయణయ్య చెప్పులైనా వేసుకోకుండా వచ్చేశాడు. కొండయ్యకు పెదనాయన కొడుకు, ఊళ్లో పెద్దమనిషి.

"ఒరే కొండా, బాగైందా బండి! నీ చేను అయిపోతానే మా చేలోకి పంపించు. ఆనక మా అల్లుడిది అయిదెకరాలుండాది, ఆనక మా బామ్మర్ది నీళ్ల ట్యాంకరు అడిగినాడు. డీజిల్ నిండా కొట్టించి పంపురా, మధ్యలో ఆగిపోతే చిరాకు."

పెద్దవాళ్ల ముఖాన కుదరదని చెప్పడం ఆ ఇంటా వంటా లేదు. కొండయ్య చేతులు కట్టుకున్నాడు.

"అట్నేన్నా. నువ్వు చెప్పాలనా?"

నారాయణయ్య సంతోషంగా ఇంట్లోకి వెళ్లిపోయాడు. ఆయన తలుపు మూసేదాకా ఆగి, కొండయ్య ఖాజావలి చెవి దగ్గరికి వంగాడు.

"నా చేను అయ్యేదాకా ఉండి పో ఖాజా. ఆ గుడ్డ మళ్లీ నువ్వే కుక్కాల. పోయిన తూరి నేను కుక్కి, ఏ గొట్టంలో కుక్కినానో మర్చిపోయినా!"