బరువు పరీక్ష

"అక్కా, పిచ్చి పని చేయకు. పైకొచ్చెయ్," అన్నాడు ఎర్మెక్ మళ్ళీ. వంతెన ఎక్కాల్సిన ఇరవై లారీల్లో ముందున్నది అతనిదే.

వంతెన కట్టిన ఇంజనీరు షోల్పాన్ అప్పటికే ఒడ్డు దిగి, నడిమి స్తంభాల మధ్య కట్టేసిన పడవలో కూర్చుంది.

"కూలితే?" అని అరిచాడు.

"కూలితే నువ్వొచ్చి నా మీద పడతావు. నీకు దెబ్బ తగలదులే, పోనివ్వు."

ఇర్తిష్ నదికి ఇటు ఇనుము కర్మాగారం ఊరు, అటు సిమెంటు ఊరు. ఎన్నిట్లో కొట్టుకున్నా ఒక్క మాట మీద మాత్రం రెండూ ఏకమయ్యాయి. వంతెన సిమెంటు సగం ఎవరో మింగేశారట. పది రోజులు పోతే నదిలో మంచు పలకలు తేలతాయి, బల్లకట్టు ఆగిపోతుంది. ఆలోగా జనం భయం పోవాలి. అందుకే బరువు పరీక్ష నాడు తను వంతెన కిందే ఉంటానని షోల్పాన్ రెండు ఊళ్ళలోనూ చాటించింది.

లారీలు కదిలాయి. నెత్తిమీద దడదడ. మెడ మీద దుమ్ము రాలింది. ఆమె కళ్ళు స్తంభానికి బిగించిన కొలత ముల్లు మీదే ఉన్నాయి. ఈ బరువుకి వంతెన ముప్పై మిల్లీమీటర్లు కిందికి వంగాలి. ముల్లు పదకొండు దగ్గర ఆగిపోయింది.

"ఇరవయ్యీ ఎక్కాయా?"

"ఎక్కాయక్కా. వరసగా నిలబెట్టాం."

పైన ఈలలు, కేకలు. ఎవరో దోంబ్రా తీగలు మీటుతూ పాట అందుకున్నారు. షోల్పాన్ మాత్రం ముల్లుని మరోసారి దగ్గరగా చూసింది. ఎంత గట్టి వంతెనైనా లెక్క ప్రకారం వంగి తీరాలి. వంగలేదంటే లోపల ఎక్కడో పట్టేసి ఉండాలి. పొద్దున కాటా చీటీలన్నీ తనే చూసింది, ఖనిజంతో కలిపి లారీకి నలభై టన్నులు.

పడవ విప్పి ఒడ్డు చేరి, పరుగున పైకొచ్చింది. ఎర్మెక్ నవ్వుతూ గుర్రప్పాల గిన్నె అందించాడు. ఆమె అది తీసుకోకుండా లారీ చక్రం మీదకెక్కి టార్పాలిన్ లేపింది. అడుగున జానెడు ఖనిజం. పక్క లారీలోనూ అంతే. ఆ పక్కదాంట్లోనూ.

"సరుకేదిరా?"

"మలుపు దగ్గర దింపేశాం," ఎర్మెక్ తల దించుకున్నాడు. "అందరం మాట్లాడుకునే."

"నా వంతెనంటే అంత భయమా మీకు?"

"మాకేం భయమక్కా, ఈతొచ్చు. కింద నిన్ను పెట్టుకుని నిండు లోడుతో ఎలా ఎక్కుతాం?"