చెవిబిళ్ళ తీసిన బెజవాడ

పొద్దున్నే ఇంటిల్లిపాది చెవిబిళ్ళలనూ దూదితో తుడుస్తున్నాను. ఎవరి తిట్టునైనా మర్యాదగా మార్చి వినిపించే ఈ బిళ్ళ లేకుండా బెజవాడలో ఇప్పుడెవరూ గడప దాటరు.

మా ఆయన పెద్దమ్మ నాంచారమ్మగారు పుట్టిన ఊళ్ళోనే ఉండిపోదామని నాగపూరు నుంచి వచ్చారు. వారం తిరక్కుండానే పెట్టె సర్దేశారు. ఇంకాసేపట్లో రైలు.

"ఇది మా బెజవాడ కాదమ్మాయ్. నిన్న వన్‌టౌన్‌లో ఆటోవాడి కాలు తొక్కితే, 'మీ పాదం నొచ్చిందా తల్లీ' అన్నాడు. ఊరంతా పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టుంది."

"వాడన్నది వేరే అయ్యుంటుందిలెండి అత్తయ్యా."

ఆమె బిళ్ళ ఇంకా నా చేతిలోనే ఉంది. ఇంతలో కింద కూరల బండామె ఎవరితోనో "దయచేసి వంకాయలు గిల్లకండమ్మా" అనడం నాకు వినిపించింది. అత్తయ్య మాత్రం పడీపడీ నవ్వుతున్నారు. అనుమానమొచ్చి నేనూ నా చెవిలోది తీశాను.

"గిల్లడానికి అయ్యేమన్నా నీ మొగుడి బుగ్గలా? చేతులిరగ్గొడతా."

"మా మేనత్త నోరు అచ్చం ఇంతే," అన్నారు అత్తయ్య కళ్ళు తుడుచుకుంటూ.

"బిళ్ళ పెట్టుకోండి, రైలుకి టైమవుతోంది," అని చెయ్యి చాపాను. ఆమె దానికేసి చూడనేలేదు. కొంగు నడుముకు దోపి, గూట్లో సంచీ తీసుకుని, వంకాయలు గిల్లడానికి మెట్లు దిగి వెళ్ళిపోయారు.