స్ప్రింగులు కోసిన కారు

అనకాపల్లి మెకానిక్ పోతురాజు కారు కిందికి వంగి చూసి పగలబడి నవ్వాడు.

"స్ప్రింగులు కోయించి బండి దించేసేవా? సక్రాలు పైన లోపలికి వాలిపోయేయి. కేంబర్, అదే సక్రాల నిలువు, పోయింది. టైర్ల లోపలంచు అరిగి తీగలు తేలేయి. హైవే మీద పేలితే తెలుత్తాది నీ సోకు!"

కారు యజమాని జాన్ బాబు టైరు లోపలంచు తడిమి చూశాడు.

"ఏటి, ఈదిలో అమ్మాయిలు సూడాలనా?"

"మా ఆవిడ కోసం బావా. ఏక్సిడెంట్లో కాళ్లు పడిపోయేయి. చక్రాల కుర్చీలోంచి కారు సీటు ఎత్తు అందేది కాదు. ఎవరూ ఎత్తకుండా తనే జరిగి ఎక్కాలంది. ఇప్పుడు ఎక్కుతోంది."

పోతురాజు చాలాసేపు గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"పొట్టి స్ప్రింగులు కొత్తవి ఏసి కేంబర్ సరిసేత్తాను. ఆ కుర్చీ ఎత్తెంతో కొలిసి సెప్పు."